రైలు బొమ్మకి రోడ్డు వేశాం

ఇది కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. మొన్న మా కాలేజీ ఎగ్జిబిషన్లో పెట్టిన రైలు నమూనా ఫొటోలు చూసి "రోడ్డు అచ్చం నిజందిలా ఉంది, ఎలా చేశారు?" అని చాలామంది అడిగారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ ఒకేసారి రాస్తున్నాం. ఎలా చేశామో చెప్తాం. ఎందుకు అలాగే చేశామో కూడా చెప్పాలి. దాని మీద మాలో మాకే నాలుగు రోజులు గొడవ నడిచింది.

మేం బందరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న అయిదుగురం. ఇద్దరం యానాదులం, ఇద్దరం ఎరుకలోళ్ళం, ఒకడు ఎ.కొండూరు వైపు తండా నుంచి వచ్చిన సుగాలి తమ్ముడు. మిగతావాళ్ళ ఇళ్ళు కోడూరు, నాగాయలంక, గుడివాడ, పెడన వైపు. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

పట్టాలూ ఇంజనూ మేం కొన్నవి కావు, కొనే స్తోమత లేదు. రిటైరైన ఒక సారు అటక మీద పెట్టిన పాత సెట్టు దించి ఇచ్చారు. గుండ్రంగా కలుపుకునే పట్టాలు, ఒక ఇంజను, మూడు పెట్టెలు, కరెంటు పెట్టె. "రైలు తిరుగుద్దిరా, చుట్టూ ఊరు లేదు. ఊరు మీరు పెట్టండి" అన్నారు. పుణెలో కోత్రూడ్ దగ్గర జోషి గారి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. దాని వీడియోలు ఫోన్లో మళ్ళీ మళ్ళీ చూశాం. చూడగా చూడగా ఒకటి తెలిసింది. బొమ్మా, నిజమా అనేది కంటికి తేల్చేది రైలు కాదు, నేల. నేల సరిగా లేకపోతే ఎంత మంచి ఇంజనైనా బల్ల మీద తిరిగే ఆటవస్తువే.

ముందు లెక్క చెప్తాం, ఎందుకంటే అంతా దాని మీదే నిలబడుద్ది. ఆ సెట్టు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని హెచ్‌ఓ అంటారు. బయట చాలా దేశాల్లో పట్టాల మధ్య ఎడం 1,435 మిల్లీమీటర్లు కాబట్టి వాళ్ళకి అది 87వ వంతు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. దాన్ని 16.5తో భాగిస్తే నూటొకటిన్నర పైచిలుకు వచ్చింది. అంటే మన దేశం లెక్కలో ఆ పట్టాలు దాదాపు నూరో వంతు. ఇది చాలా సుఖం. ఒక మీటరుకి ఒక సెంటీమీటరు. టేపుతో రోడ్డు కొలిచి, అదే అంకె సెంటీమీటర్లలో బల్ల మీద పెట్టడమే. ఇంజను మాత్రం 87వ వంతుది కాబట్టి కాస్త బొద్దుగా కనిపిస్తుంది. దానికి సర్దుకుపోయాం.

మా బల్ల ఎనిమిది అడుగులు బై నాలుగడుగుల ప్లైవుడ్డు. నూరో వంతు లెక్కలో అది 244 మీటర్ల పొడుగు, 122 మీటర్ల వెడల్పు. మన భాషలో ఏడెకరాల పైచిలుకు. గుడివాడ నుంచి బందరుకి రైలు దారి దాదాపు 37 కిలోమీటర్లు. అదంతా లెక్క ప్రకారం పెట్టాలంటే 370 మీటర్ల పొడుగు బల్ల కావాలి. అందుకని ఎవరైనా చేసేది కుదించడమే. ఒక చివర గుడివాడ జంక్షన్ దగ్గర వీధి ముక్క, మధ్యలో కవుతరం, వడ్లమన్నాడు వైపు పొలాల్లో ఉండే లాంటి గేటు, రెండో చివర బందరు బజారు ముక్క. 1908లో బెజవాడ నుంచి బందరుకి రైలు వచ్చింది. 1928లో గుడివాడ నుంచి భీమవరం వైపు లైను పడింది. ఇప్పుడు పైన కరెంటు తీగలు కూడా ఉన్నాయి. ఇంతవరకు గొడవ లేదు.

గొడవ దివిసీమ దగ్గర మొదలైంది. దివిసీమకి రైలు లేదు. కోడూరు వాడు, నాగాయలంక వాడు "మరి మా ఊరు ఎక్కడ పెడతారు?" అన్నారు. రైలు లేని ఊరు రైలు బల్ల మీద ఎందుకు అని పెడన వాడు. "రైలు ఎక్కాలంటే మేం బందరో గుడివాడో రావాలి, వచ్చేది రోడ్డు మీదే కదా, రోడ్డు పెట్టండి" అని వాళ్ళు. అది న్యాయంగానే అనిపించింది. గేటు దాటిన రోడ్డు బల్ల అంచు వెంట దివిసీమ వైపు వెళ్ళేలా గీత గీశాం. ఆ గీత సంగతి చివర్లో చెప్తాం.

అట్ట కత్తిరించే ముందు మూడు వారాలు రోడ్లు చూశాం. పుట్టినప్పటి నుంచీ నడుస్తున్నవే గానీ ఎప్పుడూ అలా చూడలేదు. మన డెల్టా రోడ్డు వేరే చోటి రోడ్డులా ఉండదు. దానికి కారణాలున్నాయి, అవి తెలిస్తేనే చెయ్యి సరిగ్గా పడుతుంది.

మొదటిది మట్టి. ఇక్కడి నల్లమట్టి వానకి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుని బీటలిస్తుంది. రోడ్డు మధ్యలో కింద తడి అలాగే నిలుస్తుంది, అంచులు మాత్రం ఎండుతాయి, తడుస్తాయి. అందుకే బీట ఎప్పుడూ అంచుకి దగ్గరగా, రోడ్డు పొడుగునా పడుతుంది. అడ్డంగా పడేది తక్కువ. రెండోది కాలువ. కృష్ణ మీద ఆనకట్ట 1855లో అయింది. అప్పటినుంచి కాలువలు, కాలువ తవ్విన మట్టితో గట్లు, ఆ గట్ల మీదే బళ్ళ దారులు, వాటి మీదే ఇప్పటి రోడ్లు. అందుకని మన రోడ్డు కాలువతో పాటే మెలికలు తిరుగుద్ది. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు నీళ్ళు దిగిపోతాయి, తడి గట్టుకి పక్కన ఆనుకునేది లేక కాలువ వైపు జారుతుంది. రోడ్డు కూడా అటే ఒరుగుతుంది. మూడోది రాయి. డెల్టాలో రాయి పుట్టదు. కంకరైనా ఎర్ర గ్రావెలైనా మెరక ప్రాంతం నుంచి లారీలో రావాల్సిందే. అందుకే లోపలి ఊళ్ళకి వెళ్ళేకొద్దీ రోడ్డు పలచబడుతుంది.

నాలుగోది వాడకం. దమ్ము చక్రాలతోనే ట్రాక్టరు తారు రోడ్డెక్కితే ఏటవాలు గాట్లు పడతాయి. కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, బళ్ళు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. రెండో పంట మినుముకైతే కట్టలే రోడ్డు మీద పరిచేస్తారు, బళ్ళు తొక్కితే గింజ రాలుద్ది. సముద్రం వైపు పోతే చేపలు ఎండుతుంటాయి. రోడ్డంటే బళ్ళు పోయే చోటు ఒక్కటే కాదు, కళ్ళం కూడా. బొమ్మ రోడ్డు ఖాళీగా నల్లగా ఉంటే అది మన రోడ్డు కాదు.

ఇప్పుడు చేసే పద్ధతి.

వెడల్పు. పల్లెటూరి ఒంటి వరస రోడ్డు 3.75 మీటర్లు, అంటే బల్ల మీద 3.75 సెంటీమీటర్లు. రెండు వరసల రోడ్డు 7 మీటర్లు, 7 సెంటీమీటర్లు. చాలామంది బొమ్మల్లో రోడ్డు మరీ వెడల్పుగా వేస్తారు. కొలిచి వేస్తే ఇరుగ్గా అనిపించుద్ది, కానీ అదే నిజం. బస్సు వస్తే సైకిలు మార్జిన్లోకి దిగాల్సిందే.

వాలు. రోడ్డు చదునుగా ఉండదు, మధ్య ఎత్తు, అంచులు పల్లం. వాన నీళ్ళు పోవడానికి నూటికి రెండున్నర వంతు వాలు ఇస్తారు. 3.75 సెంటీమీటర్ల రోడ్డుకి లెక్కేస్తే మధ్యలో అర మిల్లీమీటరు ఎత్తు. ఇంత చిన్నది కనపడదనుకుంటాం గానీ పక్కనుంచి వెలుతురు పడితే తెలుస్తుంది. పాత పెళ్ళి శుభలేఖ అట్ట నుంచి సన్నటి పట్టీ కోసి మధ్య గీత మీద అంటించాం. దాని మీద రోడ్డు అట్ట పరిచి రెండు అంచులూ నొక్కి అంటిస్తే వాలు దానంతట అదే వచ్చింది. కాలువ గట్టు మీద ఉన్న చోట మాత్రం పట్టీని మధ్యలో కాకుండా పొలం వైపు జరిపాం. దాంతో రోడ్డు కాలువ వైపు ఒరిగింది.

గట్టు. దీనికి కొండపల్లి బొమ్మల వాళ్ళ మక్కు వాడాం. రంపపు పొట్టులో చింతగింజల పిండి జిగురు కలిపి ముద్ద చేస్తారు. వాళ్ళు తెల్ల పొణికి చెక్క ముక్కల్ని అతకడానికీ అవయవాలు దిద్దడానికీ వాడతారు. మాకు గట్టు వాలు దిద్దడానికి పనికొచ్చింది. తేలిగ్గా ఉంటుంది, ఆరాక చాకుతో చెక్కొచ్చు, ఖర్చు లేదు.

పైపూత. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చేతిలో ఉండగానే గట్టిపడుద్ది, అందుకని గోడలకి రాసే పుట్టీ పలచగా రాశాం. ఆరాక నీళ్ళ పేపరుతో రుద్దాం. గరుకు కోసం ఇసక చల్లొద్దు. నూరో వంతులో ఒక మిల్లీమీటరు ఇసక రేణువు పది సెంటీమీటర్ల బండరాయి. నిజం రోడ్డు మీద కనిపించే పది మిల్లీమీటర్ల చిప్స్ కావాలంటే మనకి మిల్లీమీటరులో పదో వంతు రేణువు కావాలి. ఇంటి దగ్గర పొయ్యి బూడిద తెచ్చి పాత పంచె గుడ్డలో వస్త్రగాళితం పట్టి, పలచటి బంక నీళ్ళు రాసిన రోడ్డు మీద చల్లాం. సరిగ్గా కుదిరింది.

రంగు. తారు రోడ్డుకి నల్ల రంగు వెయ్యకండి. వేసిన కొత్తలోనే నలుపు. బళ్ళు తిరిగేకొద్దీ రాళ్ళ మీది తారు అరిగి రాయి రంగు బయటికొస్తుంది, పైన దుమ్ము పడుతుంది, బూడిద రంగులోకి దిగుతుంది. నలుపులో తెలుపు, కొద్దిగా మట్టి రంగు కలిపి మూడు తడవలు పలచగా వేశాం. చక్రాలు నడిచే రెండు చారలు నున్నగా, మధ్యలో నూనె చుక్కల వరస కాస్త ముదురుగా. గుంత పూడ్చిన చోట మాత్రమే అసలు నలుపు, అదీ చతురస్రంగా, ఒక వెంట్రుక ఎత్తుగా. మార్జిన్‌కి ఇటుక పొడి. అంచుని కత్తెరతో తిన్నగా కొయ్యకుండా వేలితో చించాం. నిజం రోడ్డు అంచు కూడా అలాగే చిరుగుద్ది.

బీటలు. పెన్నుతో గీసిన బీట గీతలానే ఉంటుంది. కాలువ ఒండ్రు పలచగా ఒక మిల్లీమీటరు మందాన పూసి ఎండలో పెట్టాం. మట్టి పొర ఎంత పలచగా ఉంటే బీటలు అంత దగ్గర దగ్గరగా పడతాయి, కాబట్టి పలచటి పొర మీద చిన్న చిన్న గళ్ళు వచ్చాయి. వేసవిలో ఎండిన చేలు నూరో వంతులో అలాగే ఉంటాయి. కరెంటు స్తంభాలకి కొబ్బరి ఈనెలు ఎనిమిదేసి సెంటీమీటర్లు కోశాం.

గేటు దగ్గర రోడ్డు పట్టాల తలలతో సమానంగా ఉండాలి. బొమ్మలో మాత్రం పట్టాల మధ్య వేసే అట్ట, తల కంటే అర మిల్లీమీటరు కిందికే ఉంచండి. లేకపోతే పట్టాలు తుడిచిన ప్రతిసారీ రోడ్డు రంగు పోద్ది, ఇంజను అడుగు తగులుద్ది. పట్టాకి లోపలి వైపు చక్రం అంచు పోయే సందు తప్పనిసరి. పుట్టీ పచ్చిగా ఉండగానే ఒక పెట్టెని చేత్తో అటూ ఇటూ నాలుగుసార్లు తోస్తే సందు దానంతట అదే పడుద్ది. పైన కరెంటు తీగలున్న గేటుకి రెండు వైపులా ఎత్తు కొలిచే ఇనప కమాను ఉంటుంది, 4.67 మీటర్లు. గడ్డి మరీ ఎత్తుగా వేసిన ట్రాక్టరు దాని కింద ఆగిపోవడం మనందరం చూసిందే. 4.7 సెంటీమీటర్ల కమాను పెట్టి, ముందు గడ్డి ట్రాక్టరు ఆపాం. చూసినవాళ్ళందరూ నవ్వింది అక్కడే.

ఇక పేవ్‌మెంట్లు. బయటి దేశాల వీడియోల్లో పేవ్‌మెంటు అంటే రోడ్డు పక్కన చదునైన రాతి పలకల వరస, అంచున రాయి. అంచు రాయి 15 సెంటీమీటర్లు అనుకుంటే మనకి ఒకటిన్నర మిల్లీమీటరు. అది తేలిక. ఇంటర్‌లాకింగ్ టైల్సు కూడా సిరా అయిపోయిన రీఫిల్లుతో అట్ట మీద గీతలు నొక్కితే వచ్చేస్తాయి. కానీ బందరు కోనేరు సెంటరు చుట్టుపక్కల ఒక సాయంత్రం నడిచి చూడండి. మన పేవ్‌మెంటు చాలా చోట్ల సైడు కాలువ మీద పరిచిన పలకలే. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం, ఒకటి విరిగింది, ఒకటి తీసి పక్కన పెట్టింది. దాని మీద ఒక కొట్టు మెట్టు, ఒక బండి స్టాండు, తోపుడు బండి, చెట్టు చుట్టూ అరుగు. నడిచే మనిషి పేవ్‌మెంటు మీద పది అడుగులు వేసి రోడ్డు మీదికి దిగి, మళ్ళీ ఎక్కుతాడు. అందుకని పలకలు ఒకే పట్టీగా వెయ్యలేదు. ఆరు మిల్లీమీటర్లు బై పది మిల్లీమీటర్లు అట్ట ముక్కలు ఒక్కొక్కటీ విడిగా కోసి, విడిగా అంటించాం. రెండు వందల పైన ముక్కలు. గుడివాడ స్టేషన్ వైపు వీధికి కూడా అదే. మా ఎరుక తమ్ముడి వేళ్ళు ఆ పనికి బాగా ఆడాయి. ఇంట్లో బుట్టలల్లే చేతులు కదా.

ఇప్పుడు గొడవ సంగతి.

దివిసీమ వైపు వెళ్ళే రోడ్డు చివర కోడూరు వాడి కాలనీ పెట్టాలనుకున్నాం. అది కాలువ గట్టు అవతల ఉన్న యానాదుల కాలనీ. తారు రోడ్డు ఊళ్ళో ఆఖరి డాబా దాకా వస్తుంది. అక్కడ కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. తర్వాత కాస్త గ్రావెల్, తర్వాత గట్టు మీద కాలిబాట. వానాకాలంలో బండి ఏదైనా డాబా దగ్గరే ఆగుద్ది. అక్కడి నుంచి నడకే. జ్వరంతో ఉన్నవాళ్ళనైనా నొప్పులు పడుతున్న ఆడకూతుర్నైనా మంచం మీద మోసుకు రావాల్సిందే.

పెడన వాడన్నాడు, "బొమ్మలోనైనా మంచి సిమెంటు రోడ్డు వేద్దాంరా. నాలుగు మీటర్లకో అడ్డగీత పెడితే అచ్చం సీసీ రోడ్డే. ఎలా ఉండాలో చూపిద్దాం." కోడూరు వాడు ఒప్పుకోలేదు. "మేం రోడ్డు మీదున్నాం అనుకుంటారు చూసినోళ్ళు. ఇంకెవరు అడుగుతారు?" గుడివాడ అన్న "బురద పెడితే మనల్ని చూసి జాలిపడతారు, నాకది ఇష్టం లేదు" అన్నాడు. అది కూడా తీసిపారేసే మాట కాదు. ఎగ్జిబిషన్‌కి వచ్చే పది మందిలో మన కాలనీ బురదలా కనిపించడం ఎవరికి ఇష్టం?

నాలుగు రోజులు ఆ మూల ఖాళీగా ఉండిపోయింది. ఆ రోజుల్లోనే మాలో ఒకడు లైబ్రరీలో చదివిన సంగతి చెప్పాడు. రైళ్ళు రాకముందు ఎరుకలోళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పు లోపలి ఊళ్ళకి మోసి, అక్కడి ధాన్యం ఇటు తెచ్చేవాళ్ళు. ఉప్పు ఎరుకల అనే శాఖ పేరు ఇప్పటికీ ఉంది. రైలు, బళ్ళ రోడ్లు వచ్చాక ఉప్పు రైలెక్కింది, మోసేవాళ్ళ బతుకు పోయింది. ఆ తర్వాత ఊరూరా తిరిగేవాళ్ళ మీద అనుమానంతో నేర తెగల చట్టం పెట్టారు. 1871లో మొదలై, 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో హాజరు వేయించుకోవాలి, బయటికి పోవాలంటే పాసు కావాలి. దేశమంతటా ఆ చట్టం 1952లో గానీ పోలేదు. అంటే మన తాతలకి దారి ఉండేది, దారే బతుకు. తర్వాత దారి మీద నడవడమే నేరమైంది. ఇప్పుడు దారే లేదు. ఇది విన్నాక గుడివాడ అన్న కాసేపు ఏం మాట్లాడలేదు. "సరే, ఉన్నది ఉన్నట్టే పెడదాం. కానీ కొలిచి పెడదాం" అన్నాడు.

ఆదివారం బస్సెక్కి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా వెళ్ళి టేపుతో కొలిచాం. తారు ఆగిన చోటు నుంచి కాలనీ మొదటి ఇంటి దాకా 410 మీటర్లు. నూరో వంతులో 4.1 మీటర్లు. మా బల్ల పొడుగే 2.44. అంటే రోడ్డు లేని దూరం మా బల్ల కంటే పొడుగు.

కుదించొచ్చు. 37 కిలోమీటర్ల రైలు దారిని కుదించిన వాళ్ళం ఇది కుదించలేమా? కుదించకూడదనుకున్నాం. బల్ల మీద అన్నీ కుదించినవే, ఆ ఒక్క బాట మాత్రం నిజం పొడుగు. ఒక మూల నుంచి మొదలుపెట్టి పొడుగు అంచు వెంట, తర్వాత పొట్టి అంచు వెంట తిప్పాం. ఇంకా మూరెడు మిగిలింది. దానికి ఒక మూర చెక్క బల్లకి బయటికి పొడుచుకొచ్చేలా మేకులు కొట్టి, దాని చివర కాలనీ పెట్టాం.

ఆ బాట ఎలా ఉండాలో కోడూరు వాడి అమ్మని అడిగాం. మక్కు గట్టు చూపించి "ఎక్కడ నడుస్తావమ్మా?" అంటే వేలితో గీసి చూపించింది. "కాలువ వైపు జారుద్ది అయ్యా. పొలం పక్కగా పోతాం. తుమ్మచెట్టు కాడ మటుకు ఇటు మారాలి, అక్కడ నీళ్ళు నిలుస్తాయి. గంప నెత్తిన ఉంటే ఇంకా లోపలికి." ఆమె చెప్పినట్టే సన్నటి నడక గీత గీకాం. తుమ్మచెట్టు దగ్గర అడ్డంగా మారే చోట అడుగుల గుంటలు పెట్టాం. ఆ గీత వేసేదాకా అది మట్టి గట్టు. వేశాక మనుషులు నడిచే దారి అయింది. కొలతల పుస్తకంలో రోడ్డు వెడల్పూ వాలూ దొరుకుతాయి. ఎక్కడ అడుగు పెట్టాలో నడిచేవాళ్ళ దగ్గరే దొరుకుద్ది.

ఇంకొకటి కూడా ఆమే అడిగింది. "షెల్టరు పెట్టలేదేం?" 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు. ఆ తర్వాతే ఈ తీరంలో స్తంభాల మీద తుఫాను షెల్టర్లు కట్టారు. ఆ కాలనీకి దగ్గర షెల్టరు ఊళ్ళో ఉంది, అంటే ఆ 410 మీటర్లకి ఇటు పక్క. గాలీ వానా వచ్చినప్పుడు పిల్లల్ని, ముసలోళ్ళని తీసుకుని ఆ గట్టు మీదే రావాలి. షెల్టరు పెట్టాం. అప్పటికి మాకు ఆ మూర చెక్క అసలు అర్థం తెలిసింది. అది రోడ్డు సౌకర్యం గురించి కాదు, ఒక రాత్రి గురించి.

ఎగ్జిబిషన్ రోజు రైలు చుట్టూ పిల్లలు మూగారు. పెద్దవాళ్ళు మాత్రం ఎక్కువమంది ఆ చెక్క దగ్గర ఆగారు, ఎందుకంటే నడుస్తుంటే నడుముకి తగిలేది. "ఇదేంటి, బయటికొచ్చింది?" అని అడిగేవాళ్ళు. "రోడ్డు ఎందుకు ఇక్కడ ఆగిపోయింది, పని పూర్తవలేదా?" అని ఇంకొందరు. పని అయిపోయింది, రోడ్డే అంతవరకు ఉందని చెప్పాం. ఒక పెద్దాయన "ఇంత మంచి పనిలో ఇదొక్కటి తీసేస్తే చూడముచ్చటగా ఉండేది" అన్నారు. కోడూరు వాడు మర్యాదగానే చెప్పాడు, "మా అమ్మ రోజూ నడిచేది అదేనండీ." ఆయన వంగి ఆ నడక గీతని చివరిదాకా చూశారు. ఇంకేమీ అనలేదు.

తర్వాత ఆ మూల ఫొటోలు, టేపు కొలతలు, కాలనీ వాళ్ళ సంతకాలు, వేలిముద్రలు కలిపి అర్జీ పెట్టాం. రసీదు ఇచ్చారు. రోడ్డు ఇంకా రాలేదు. వచ్చే వానాకాలం ముందు మళ్ళీ వెళ్తాం. అర్జీలో "మా కాలనీకి రోడ్డు లేదు" అని మొదలుపెట్టే బదులు "410 మీటర్లు, వెడల్పు ఇంత, నీళ్ళు నిలిచే చోట్లు ఇవి, షెల్టరు ఇటు పక్క ఉంది" అని రాస్తే కుర్చీలో ఉన్నాయన కాగితం పక్కన పెట్టకుండా చదివాడు. ఆ తేడా మేం కళ్ళారా చూశాం.

ఇలాంటిది చేయాలనుకునే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట. పట్టాలు, ఇంజను లేకపోయినా ఫరవాలేదు. అట్ట, పుట్టీ, బూడిద, ఇటుక పొడి, కొబ్బరి ఈనెలు చాలు. ప్లైవుడ్డు తప్ప మాకు అయిన ఖర్చు అయిదుగురం పంచుకుంటే టిఫిను డబ్బులంత. టేపు మాత్రం మంచిది తీసుకోండి. మీ తండా దారి, గూడెం దారి, కాలనీ దారి నూరో వంతులో పెట్టి చూడండి. కొలిచేటప్పుడు రోజూ ఆ దారిన నడిచే ఆడవాళ్ళని వెంట తీసుకెళ్ళండి. మక్కు కలిపే పాళ్ళు కావాలంటే అడగండి, రాసి పెడతాం. బల్ల ఇప్పుడు హాస్టల్ వరండాలో ఉంది. ఆ మూర చెక్క ఇంకా ఊడదీయలేదు, వచ్చేవాళ్ళు కాస్త చూసుకుని నడవండి.